ఎర్రకోడి పుట్టినిల్లు

రాజులకూ, సేనాపతులకూ, కవులకూ విగ్రహాలు నిలిపిన వూళ్ళు చాలా చూశాను. కోడికి శిలాఫలకం నిలిపిన వూరు మాత్రం ఇన్నాళ్ళకు ఒక్కటి చూశాను. అమెరికాలో, రోడ్ ఐలండ్ రాష్ట్రానికి తూర్పు అంచున, మసాచుసెట్స్ సరిహద్దును ఆనుకొని కూర్చున్న ఆ పల్లె పేరు ఆడమ్స్‌విల్. లిటిల్ కాంప్టన్ పట్టణానికి చేరిన శివారు అది. పట్టణమన్నది అక్కడివారి లెక్క లెండి. లిటిల్ కాంప్టన్ మొత్తానికి కలిపి జనం మూడున్నర వేలకు అటూ ఇటూగా వుంటారు. మనవైపు ఓ మాదిరి పంచాయతీలో అంతకంటె ఎక్కువమందే వుంటారు.

అమెరికా రాష్ట్రాలన్నిటిలోకీ చిన్నది రోడ్ ఐలండ్. మన పాత పశ్చిమగోదావరి జిల్లాలో సగం కూడా వుండదు. పేరులో వున్నది గదా అని అదంతా ద్వీపమనుకునేరు. చాలాభాగం తక్కిన నేలతో కలిసివున్నదే. ఇంత చిన్న రాష్ట్రం పేరు ప్రపంచంలోని పల్లెపల్లెకూ ఎలా పాకిందంటే, అక్కడి గవర్నర్లవల్లా కాదు, సరుకులవల్లా కాదు, ఒక కోడివల్ల. రోడ్ ఐలండ్ రెడ్ అనే ఎర్రకోడివల్ల. 1954లో ఆ రాష్ట్రంవారు దాన్నే తమ రాష్ట్రపక్షిగా ప్రకటించుకున్నారు. మనకు ఆంధ్రప్రదేశ్‌లో రామచిలుక, తెలంగాణాలో పాలపిట్ట వున్నాయి. చూడముచ్చటైన పిట్టలే గాని, పొద్దున్నే లేచి గుడ్డు పెట్టమంటే పెట్టవు.

మా తరంలో పల్లెటూళ్ళో పుట్టినవారికి ఈ కోడిపేరు కొత్త కాదు. 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు వచ్చాయి. వాటివెంట గ్రామసేవకులు, మేలురకం విత్తనాలు, వాటి వెనకాలే మేలుజాతి కోళ్ళు వచ్చాయి. తెల్లవి లెగ్‌హారన్‌లు, ఎర్రవి రోడ్ ఐలండ్ రెడ్‌లు. మా వూళ్ళో ఆ పేరు ఎవరి నోటా తిన్నగా పలికేది కాదు. 'రోడ్డులాండు పుంజు' అనేవారు. రోడ్డువేసే కంట్రాక్టరు పెంచిన పుంజేమో అనుకున్నవాళ్ళు కూడా వున్నారు. నాటుపుంజును అప్పగించి, బదులుగా ఆ ఎర్రపుంజును పట్టుకుపొమ్మన్నారు. ఇంటిపట్టున తిరిగే అలవాటైన పుంజును వదులుకోవడానికి వీధిలో ఎవరూ ముందుకు రాలేదు. మా అమ్మ మాత్రం ఇచ్చి తెచ్చుకున్నది.

దాని సంతానం వచ్చాక తేడా తెలిసింది. నాటుపెట్ట యేడాదికి యాభయ్యో అరవయ్యో గుడ్లు పెట్టి, మధ్యమధ్య పొదుగుకు కూర్చుంటుంది. ఈ ఎర్రపెట్టలు దానికి రెండింతలు పెట్టాయి గాని, పొదగమంటే బొత్తిగా పొదగలేదు. గంపలో గడ్డివేసి గుడ్లమీద కూర్చోబెడితే లేచి చక్కాపోయేవి. అమ్మ వాటి గుడ్లను నాటుపెట్ట కిందే వేసి పిల్లలు చేయించేది. ధాన్యం డబ్బు నాన్నది, పాలడబ్బు నాయనమ్మది, గుడ్లడబ్బు అమ్మది. నా హైస్కూలు ఫీజూ, మా అక్కయ్య వోణీలూ ఎక్కడినుంచి వచ్చాయో నాన్న ఎప్పుడూ అడగలేదు. అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. ఒక వేసవిలో కొక్కెర తెగులు వచ్చి మూడురోజుల్లో దొడ్డి ఖాళీ అయింది. ఆ యేడు అక్కయ్యకు కొత్త వోణీ లేదు. అందుచేత ఈ కోడి పుట్టిన వూరు బోస్టనుకు గంటన్నర దూరంలోనే వున్నదని మా అల్లుడు నోరుజారి చెప్పినప్పుడు, నయాగరా సంగతి తరువాత చూసుకుందాం, ముందు అక్కడికి పోదామన్నాను.

"కోడిని చూడటానికి ఇంతదూరం వచ్చామా?" అన్నది మా ఆవిడ. అన్నదే గాని, తెల్లవారేసరికి పులిహోర పొట్లాలు కట్టి సిద్ధంగా వుంచింది.

2025 అక్టోబరులో ఒక శనివారం బయలుదేరాం. న్యూ ఇంగ్లండులో ఆకులు రంగు తిరిగే రోజులు. ఫాల్ రివర్ అనే వూరి మీదుగా దారి. ఒకప్పుడు నూలు మిల్లులకు పెట్టినపేరు ఆ వూరు. గ్రానైటు రాళ్ళతో కట్టిన ఆ మిల్లుల గోడలు కోటగోడల్లా ఇంకా నిలబడివున్నాయి. అది దాటి దక్షిణంగా వెస్ట్‌పోర్టు వైపు తిరిగితే మిల్లులు పోయి పొలాలు వస్తాయి. పొలాల మధ్య మన గట్లకు మారు రాతిగోడలు. సున్నం లేదు, సిమెంటు లేదు; నాగలికి తగిలిన రాళ్ళన్నీ తరాల తరబడి యేరి, పొలం అంచున ఒకదానిమీద ఒకటి పేర్చినవే. ఆ గోడలు చూస్తే ఆ నేల రైతుకు యేమి పెట్టిందో తెలిసిపోతుంది. గోధుమ పండించి కోటీశ్వరులయ్యే నేల కాదది. కోళ్ళూ, పాడీ, కాస్త మొక్కజొన్నా, చేపలవేటా. వీటితోనే వెళ్ళదీసుకున్నారు.

ఆడమ్స్‌విల్‌లో చూడవలసినవి చాలా వున్నాయని చెప్పలేను. రాష్ట్ర సరిహద్దు మీద ఒక పాత పిండిమిల్లు, నాలుగు దుకాణాలు, చక్కగా సున్నం కొట్టినట్టు తెల్లని కొయ్య ఇళ్ళు. ఆ మధ్యన, దారులు కలిసేచోట, గ్రానైటు రాతికి బిగించిన కంచు పలక. పలకమీద పుంజు. తోక ఎత్తి, రొమ్ము విరిచి, పక్కకు తిరిగి నిలబడివున్నది. 1925లో రోడ్ ఐలండ్ రెడ్ క్లబ్బువారు, ప్రపంచం నలుమూలలా ఆ కోళ్ళు పెంచేవారి దగ్గర చందాలు పోగుచేసి పెట్టించారు. ఈ చుట్టుపక్కల రైతులు ఎర్రకోళ్ళను విరివిగా పెంచారనీ, తరువాత వాటికి ఆ పేరు వచ్చిందనీ, దేశమంతటా ప్రఖ్యాతి తెచ్చినవారు మాత్రం కోళ్ళ ప్రదర్శనల ఔత్సాహికులనీ దానిమీద రాసివున్నది. రాయి పెట్టడానికి స్థలం ఇచ్చిన డెబోరా మాంచెస్టర్ అనే ఆవిడ పేరు కూడా వున్నది. కోళ్ళకు గింజలు చల్లినవారిలో సగంమంది ఆడవాళ్ళే అయివుంటారు. ఫలకం మీదికెక్కిన ఆడపేరు మాత్రం స్థలదాతది ఒక్కటే. మా ఆవిడే ముందుగా ఈ సంగతి పట్టుకున్నది.

ఇక ఆ కోడి కథ. అది నిజానికి సముద్రం కథ. ఇక్కడికి తూర్పున కొద్ది దూరంలోనే న్యూ బెడ్‌ఫర్డు రేవు వున్నది. పందొమ్మిదో శతాబ్దం మధ్యన తిమింగలాల వేటకు ప్రపంచంలో అంతటి రేవు లేదు. ఓడలు రెండేళ్ళకు, మూడేళ్ళకు తిరిగివచ్చేవి. వస్తూ నావికులు ఆసియా రేవులలో కొన్న వింత వస్తువులతోబాటు కోళ్ళు కూడా తెచ్చేవారు. లిటిల్ కాంప్టన్ కాపురస్థుడు విలియం ట్రిప్ అనే ఓడ కప్తాను 1854 ప్రాంతాల ఆ రేవులో ఒక నావికుడి దగ్గర ఎర్రని మలయా పుంజును కొన్నాడని చెబుతారు. పొడుగు కాళ్ళు, నిటారు మెడ, చూపులో కోపం, ఇవీ మలయా కోడి లక్షణాలు. మన అసీలుకు దగ్గర చుట్టం. ఎర్రని పుంజును మన కోడిపందాల భాషలో డేగ అంటారు గదా. సంక్రాంతి బరిలో నిలబెడితే భీమవరంవారు దానికి కత్తి కట్టడానికి ఒక్క క్షణం ఆలోచించేవారు కాదు.

ట్రిప్ దాన్ని బరికి తీసుకుపోలేదు. తన దొడ్లోని మామూలు పెట్టలతో వదిలాడు. పుట్టిన పిల్లలు పెద్దవై మంచి గుడ్లు పెట్టడం చూసి, వెస్ట్‌పోర్టులో వున్న స్నేహితుడు జాన్ మాకంబర్‌తో కలిసి ఆ పని సాగించాడు. వాళ్ళు తరువాత ఇటలీ నుంచి వచ్చిన లెగ్‌హారన్‌లను కలిపారు. చైనానుంచి వచ్చిన బరువైన కొచ్చిన్ కోళ్ళను కలిపారు. ("చైనా కోడికి కొచ్చిన్ పేరేమిటి?" అని మా ఆవిడ సందేహం. పేరు పెట్టిన తెల్లవాళ్ళకు భూగోళం అంత పట్టింపు లేదని చెప్పాను.) చుట్టుపక్కలవారు వాటిని ట్రిప్ కోళ్ళు, మాకంబర్ కోళ్ళు అనేవారు. శాస్త్రం యేమీ లేదు. మెండెల్ పేరు అప్పటికి ఎవరికీ తెలియదు. ఎవరింట్లో ఎర్రపుంజు వుంటే వారింట్లో గుడ్లు ఎక్కువన్న సంగతి తెలుసు, అంతే. పక్కింటివాడు పుంజును అడిగి తీసుకుపోయేవాడు. ముప్ఫయి నలభై యేళ్ళలో ఆ తీరం పొడుగునా దొడ్లన్నీ ఎర్రబారాయి.

ఆ తరువాత ఐజాక్ విల్బర్ వచ్చాడు. లిటిల్ కాంప్టన్‌లో ఆయనది ఆ కాలానికి చాలా పెద్ద కోళ్ళ వ్యాపారం. 1879-80 ప్రాంతాల 'రోడ్ ఐలండ్ రెడ్' అన్న పేరు పెట్టిన ఘనత ఆయనకే ఇస్తారు. 1904లో అమెరికా కోళ్ళ సంఘంవారు తమ ప్రామాణిక గ్రంథంలో దానికి జాతిగా చోటిచ్చారు. పుంజు ఎనిమిదిన్నర పౌనులు, పెట్ట ఆరున్నర వుండాలన్నారు. ఒళ్ళు ఇటుకలా పొడవుగా, వీపు నేలకు సమంగా, రంగు నలుపు తిరిగే ఎరుపుగా వుండాలన్నారు. గుడ్లెన్ని పెట్టాలన్నది ప్రదర్శనల్లో చూసే సంగతి కాదు గదా. తగువు అక్కడే మొదలయింది.

ప్రదర్శనలవారికి రంగు కావాలి. రైతుకు గుడ్డు కావాలి. రంగుకోసం యేరి యేరి పెంచితే ఈక చేవదేలింది గాని, గుడ్డు తగ్గింది. గుడ్డుకోసం యేరి పెంచినవారి కోళ్ళు చిన్నవై, రంగు వెలిసి, ఇటుకపొడి రంగుకు వచ్చాయి. పేరు ఒకటే, కోళ్ళు రెండయ్యాయి. ఆడమ్స్‌విల్‌లో ఔత్సాహికుల ఫలకం పెట్టిన మరుసటి యేడే, అంటే 1926లో, రాష్ట్ర ప్రభుత్వం కొద్ది మైళ్ళ దూరంలో లిటిల్ కాంప్టన్‌లోనే ఇంకొక ఫలకం పెట్టించింది. ఈ కోడి ప్రదర్శనలవాళ్ళది కాదు, వ్యాపారానికి వేలకొద్దీ పెంచిన ఇక్కడి రైతులదీ అని దాని వాదం. ఒక కోడికి రెండు శాసనాలన్న మాట! మా అల్లుడు రెండూ చూపించాడు. నా మటుకు నేను రెండో రాయి పక్షమే. కాని మొదటి రాయి అందంగా వున్నది.

రెండో రాయి చూసుకొని, దారిలో ఒక చెట్టుకింద పులిహోర తిని, అసలు కోళ్ళను చూడటానికి పోయాం. మా అల్లుడు ఆదివారపు సంతలో గుడ్లు కొనే ఒక పెద్దావిడ ఆ చుట్టుపక్కలే వుంటుంది. వయసు డెబ్బయ్యారు. ఆమె మామగారి కాలంనుంచి ఆ ఇంట్లో పాతసంతతి ఎర్రకోళ్ళు వున్నాయి. బయటి పుంజును తెచ్చినా అదే పాతసంతతి పెంచే మరొకరి దగ్గరనుంచే తప్ప, దుకాణంలో కొన్న పిల్లను ఆ దొడ్లో అడుగుపెట్టనివ్వలేదట.

మమ్మల్నీ అంత తేలిగ్గా అడుగుపెట్టనివ్వలేదు. గేటు దగ్గరే ఆపి, చెప్పులు విప్పించి, రబ్బరు బూట్లు ఇచ్చి, మందునీళ్ళ తొట్టిలో అడుగుపెట్టి రమ్మన్నది. పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని, మోకాళ్ళదాకా వున్న బూట్లతో మా ఆవిడ నడిచివస్తుంటే, మా అమ్మాయి ఫోటో తీసింది. ఆ ఫోటో ఎవరికీ చూపకూడదని వొట్టు పెట్టించుకున్నారు. నవ్వులాట అలా వుంచి, ఆ జాగ్రత్తకు కారణం వున్నది. 2022 మొదలు అమెరికాలో బర్డ్ ఫ్లూ కోట్ల కోళ్ళను పొట్టన పెట్టుకున్నది. ఒక్క కోడికి సోకినా ఆ ఫారంలో వున్నవాటినన్నిటినీ చంపివేయవలసిందే. 2025 మార్చిలో డజను గుడ్ల సగటు ధర ఆరు డాలర్లు దాటింది. ఆ జబ్బును మోసుకొచ్చేవి అడవిబాతులు. శీతాకాలానికి ఉత్తరాన్నించి దక్షిణానికి పోతూ చెరువుల్లో దిగుతాయి. పెద్దావిడ దొడ్డికి నూరుగజాల దూరంలో వున్న చెరువులో ఆ రోజు ఇరవైదాకా బాతులు ఈదుతూ వున్నాయి.

కోళ్ళు నలభై వుంటాయి. చూడగానే మా ఆవిడ ముఖం చిన్నబోయింది. సగం కోళ్ళకు మెడమీద ఈకలు లేవు, కొన్నిటికి తోకలు లేవు. "జబ్బా?" అన్నది నెమ్మదిగా. జబ్బు కాదు. పగలు తగ్గి రాత్రి పెరిగేటప్పుడు కోడి పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుగుతుంది. ఈకకు కావలసిందీ, గుడ్డుకు కావలసిందీ ఒకే మాంసకృత్తులు. రెండు పనులూ ఒక్కసారి చెయ్యలేక గుడ్డు మానుతుంది. పైగా గుడ్డు పెట్టడానికి పెట్టకు రోజుకు పద్నాలుగు పదహారు గంటల వెలుతురు కావాలి. ఫారాల్లో దీపాలు పెట్టి ఆ వెలుతురు ఇస్తారు. ఈవిడ ఇవ్వదు. "చలికాలం వాటి సెలవు. సెలవు ఇచ్చిన పెట్టలు నా దగ్గర ఆరేళ్ళదాకా పెట్టాయి" అన్నది.

అప్పుడు ఒక పుస్తకం తెచ్చి చూపించింది. మామగారి చేతిరాతతో మొదలై ఆమె చేతిరాతలోకి వచ్చిన లెక్కలపుస్తకం. ప్రతి పెట్టకూ కాలికి అంకె వేసిన కడియం వుంటుంది. గూటిలోకి పెట్ట వెళ్ళగానే తలుపు పడిపోతుంది; గుడ్డు పెట్టాక మనిషి వెళ్ళి తీసేదాకా అది బయటికి రాలేదు. ఏ గుడ్డు ఏ పెట్టదో అలా తెలుస్తుంది. మంచి పెట్ట మొదటి యేడు రెండువందలకు పైన పెట్టింది. రెండోయేడు తగ్గింది, మూడోయేడు ఇంకా తగ్గింది. రోజుకొకటి చొప్పున మూడువందల అరవయ్యయిదూ ఎందుకు పెట్టవంటే, ఒక్క గుడ్డు తయారవడానికి ఇరవైనాలుగు గంటలకు పైనే పడుతుంది. ఇవాళ పొద్దున పెట్టిన పెట్ట రేపు కాస్త పొద్దెక్కి పెడుతుంది, ఎల్లుండి ఇంకాస్త ఆలస్యం. అలా జరిగి జరిగి సాయంత్రానికి వచ్చేసరికి ఒకరోజు మానేసి మళ్ళీ పొద్దుటినుంచి మొదలుపెడుతుంది. చిన్నప్పుడు మా అమ్మ "ఇవాళ దీనికి నాగా" అనేది. ఆ నాగా వెనక ఇంత గడియారం వున్నదని నాకు ఇన్నేళ్ళకు తెలిసింది. గుడ్డుమీది గోధుమరంగు కూడా ఆఖరి కొద్ది గంటల్లో పెంకుపైన పూసేదే. పగలగొట్టి చూస్తే లోపలివైపు తెల్లగానే వుంటుంది.

మేము వెళ్ళినరోజు ఆమె చేస్తున్న పని యేరివేత. శీతాకాలం ముందు ఏ పెట్టను వుంచాలి, ఏ పెట్టను తియ్యాలి అన్న నిర్ణయం. బయటివారికి ఈకలు నిండుగా మెరిసే కోడి మంచిదిగా కనిపిస్తుంది. ఆవిడ లెక్క దానికి తలకిందులు. ఎండాకాలంలోనే ఈకలు రాల్చి, అక్టోబరుకు కొత్తచీర కట్టుకున్నట్టు తయారైన పెట్ట గుడ్లు ఎప్పుడో మానేసిందన్నమాట. ఇప్పటికి కూడా చింపిరి ఈకలతో తిరుగుతూ గుడ్లు పెడుతున్నదే అసలైన పెట్ట. కాళ్ళు చూడమన్నది. ఈ జాతికి కాళ్ళు పసుపు. గుడ్లు పెట్టేకొద్దీ ఆ పసుపు పచ్చసొనలోకి పోయి, ముందు ఆసనం దగ్గర, తరువాత కంటిచుట్టూ, తరువాత ముక్కు, చివరికి కాళ్ళు తెల్లబోతాయి. పసుపు తిరిగి వచ్చేటప్పుడూ అదే వరస. కాళ్ళు పాలిపోయిన పెట్ట నెలల తరబడి పనిచేసిందన్నమాట.

తరువాత ఒక పెట్టను చంకలో ఇరికించుకొని, తోకకింద రెండు ఎముకల నడుమ వేళ్ళుపెట్టి చూసింది. మూడు వేళ్ళు పట్టాయి. "పెడుతోంది" అన్నది. ఇంకొకదాన్ని చూసింది. ఒక వేలే పట్టింది. మా అమ్మ కూడా సరిగ్గా ఇట్లాగే చూసేది. మా నాయనమ్మ ఆమెకు నేర్పింది. వాళ్ళిద్దరిలో ఒక్కరూ జిల్లా దాటి వెళ్ళినవారు కారు. ఆ సంగతి నేను చెబితే పెద్దావిడ నవ్వి, తన చంకలోని పెట్టను తీసి మా ఆవిడ చేతిలో పెట్టింది. మా ఆవిడ తూర్పుగోదావరి రైతుబిడ్డ. పెళ్ళయ్యాక యాభై యేళ్ళు పట్నంలో వున్నా చెయ్యి మరచిపోలేదు. రెక్కలు కలిపి పట్టుకొని, వేళ్ళు పెట్టి చూసి, "రెండు. మానేసేలా వుంది" అన్నది తెలుగులో. తర్జుమా అవసరం లేకపోయింది.

గూడు చూశాను. కొయ్యగూడు, చూరుకింద గాలికి కంతలు. మంచు మోకాలిలోతు పడే దేశంలో కంతలేమిటంటే, కోడి చలికి చావదు, చెమ్మకు చస్తుందన్నది. కిందవేసిన రంపపుపొట్టు యేడాదంతా తియ్యదు. పైనపైన వేస్తూపోతే అడుగున మగ్గి వెచ్చదనం ఇస్తుంది. తురాయి పొడుగ్గా వున్న పుంజులకు గడ్డకట్టే చలిలో దాని కొసలు నల్లబడి రాలిపోతాయి. అందుకని గులాబిమొగ్గలా నెత్తికి అతుక్కున్న తురాయి గలవాటిని కూడా కొన్నిటిని వుంచింది.

మాటల్లో అసలు సంగతి బయటపడింది. ఆమెకు మోకాళ్ళు పట్టుతప్పాయి. కొడుకు, కూతురు పడమటితీరాన ఉద్యోగాల్లో వున్నారు, కోళ్ళకోసం రారు. ఈ శీతాకాలానికి సగం మందే వుంచుకుంటుంది. వచ్చే యేటికి ఎన్ని వుంటాయో చెప్పలేనన్నది. వసంతకాలంలో దాణా దుకాణాలన్నిటా 'రోడ్ ఐలండ్ రెడ్' అని పిల్లలను అమ్ముతారు. అవి గుడ్లకోసం పొదిగించిన వెలిసినరంగు సంతతి; యేడాదిన్నర జోరుగా పెట్టి ఆగిపోతాయని ఆమె ఫిర్యాదు. ఇక పెద్ద ఫారాల్లో వుండేవి ఆ రెండూ కావు. ఎర్రపుంజును వెండితెలుపు పెట్టతో కలిపితే, గుడ్డులోంచి బయటపడిన రోజునే పెట్టపిల్లలు ఎర్రగా, పుంజుపిల్లలు తెల్లగా కనిపిస్తాయి. మగపిల్లల్ని ఆనాడే యేరి పారేస్తారు. దుకాణంలో దొరికే గోధుమరంగు గుడ్లలో చాలావాటి వెనక ఇలాంటి సంకరమే వున్నది. యేడాదికి మూడువందలు పెడతాయి. కాని వాటి పిల్లల్ని పెంచుకుంటే తల్లిలా రావు. మన తణుకు, హైదరాబాదుల ఫారాల్లోని తెల్లకోళ్ళూ లెగ్‌హారన్ రక్తంతో అలా తయారుచేసినవే. బంగ్లాదేశ్‌లో ఈ ఎర్రపుంజును ఈజిప్టు ఫయూమీ పెట్టతో కలిపి 'సోనాలి' అని పెంచుతున్నారు. ఆసియా కోడి అమెరికా వెళ్ళి, కాపురం చేసి, మళ్ళీ పుట్టింటివైపు వచ్చిందన్నమాట. అయితే ఇన్ని సంకరాలకూ ఎక్కడో ఒకచోట తల్లివేరు చెడకుండా వుండాలి గదా. ఆ వేరు అక్కడక్కడ ఇలాంటి ముసలమ్మల దొడ్లలో మిగిలింది. తాతలనాటి జాతుల్ని కాపాడటానికి 1977 నుంచి అమెరికాలో ఒక సంస్థ పనిచేస్తున్నది. కాని సంస్థ జాబితా రాయగలదు గాని, రాత్రిపూట నక్క వస్తే లేచివెళ్ళి తలుపు వెయ్యలేదు.

మేము అక్కడ వుండగానే పద్నాలుగేళ్ళ కుర్రవాడు తల్లితో కారులో వచ్చాడు. వెస్ట్‌పోర్టువైపు వాళ్ళ వూరు. రెండేళ్ళుగా సెలవుల్లో వచ్చి ఈ దొడ్లో పనిచేస్తున్నాడట. వాడికి ఒక పుంజు, నాలుగు పెట్టలు ఇస్తానని పెద్దావిడ మాట ఇచ్చింది. గూడు తయారయింది, తీసుకుపోవడానికి వచ్చాడు. వాడు రాతిగోడ పక్కన మోకాళ్ళమీద కూర్చొని చిన్న పుంజును చూస్తున్నాడు. అది వాడి వాటా అనుకున్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళి, తను అంతదాకా మాకు గొప్పగా చూపించిన పుంజును, దొడ్డి అంతటికీ పెద్దపుంజును, పట్టుకొచ్చి అట్టపెట్టెలో పెట్టింది. పెట్టలూ అంతే. పుస్తకంలో రెండువందల పైన అంకెలు వున్నవే నాలుగు తీసింది.

మా ఆవిడ వుండబట్టలేక మా అమ్మాయిచేత అడిగించింది, మంచివన్నీ ఇచ్చేస్తే ఎలాగని.

ఆవిడ చెరువువైపు చూపించింది. "జబ్బు వస్తే ముందు నా దొడ్లోకే వస్తుంది. వీళ్ళ ఇల్లు గుట్టమీద. దగ్గర నీళ్ళు లేవు" అన్నది. ఇంక వివరించలేదు.

కుర్రవాడికి మూడు షరతులు పెట్టింది. దుకాణం పిల్లల్ని వీటిలో కలపకూడదు. ప్రతి యేడూ రెండు పుంజుపిల్లల్ని ఆమెకు తెచ్చి చూపించాలి. గుడ్ల లెక్క రాయాలి, రాయని రోజు సున్నా కాదు, ఖాళీ అని గుర్తుపెట్టాలి. మూడోదానికి వాడు కాస్త మొహం చిట్లించాడు. వాడి తల్లి మాత్రం, గుడ్లు అమ్మిన డబ్బు ఎవరిదని అడిగింది. "దాణా ఎవరు వేస్తే వాళ్ళది" అన్నది పెద్దావిడ. తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మేము రెండు డజన్ల గుడ్లు కొన్నాం. కడగని గుడ్లు. అమెరికాలో దుకాణాలకు పోయే గుడ్లను కడిగి ఫ్రిజ్‌లో పెట్టితీరాలి; పెంకుమీది సహజమైన పూత పోతుంది కనుక ఆ తరువాత బయట వుంచకూడదు. ఇంటిదగ్గర అమ్మేవాటికి ఆ పని లేదు. వాటిలో రెండు మూడు పాలిపోయిన లేతరంగులో వున్నాయి. మంచివి కావేమోనని మా అల్లుడు పక్కన పెట్టబోతే, అవే యేడాదంతా ఆగకుండా పెట్టిన పెట్టలవి, రంగు అయిపోయేదాకా పెట్టాయి అని ఆమె వాటినే పైన సర్ది ఇచ్చింది.

బూట్లు విప్పి, మళ్ళీ మందునీళ్ళలో ముంచి, గేటు దగ్గర పెట్టాం. కుర్రవాడి కారు అప్పటికే దారి మలుపు తిరుగుతున్నది. పెట్టెలోంచి పుంజు కూత వినిపిస్తున్నది. పెద్దావిడ అరుగుమీద కూర్చొని, కళ్ళజోడు పెట్టుకొని, పుస్తకం తెరిచి అయిదు కడియాల అంకెలూ ఒకదానికింద ఒకటి రాసింది. వాటి ఎదురుగా ఆ కుర్రవాడి ఇంటిపేరు రాయబోయి ఆగి, దానికి ఒక అక్షరమా రెండా అని మా అమ్మాయిని అడిగింది.